అందరి బీపీ 120/80 అని రాసే రిజిస్టర్: ఒక పీహెచ్‌సీ టీమ్ కేస్ స్టడీ

నేను తెలంగాణలో వలసలు ఎక్కువగా ఉండే ఒక మండలంలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్‌ని. టీమ్‌లో హుషారు నింపడం గురించి రాసేవాళ్లు ఎక్కువగా కంపెనీల గురించి రాస్తారు. బోనస్ ఇవ్వగలిగే, మనుషుల్ని తామే ఎంచుకోగలిగే, ప్రమోషన్ ఇప్పించగలిగే మేనేజర్లకు అవి పనికొస్తాయేమో గానీ నా చేతిలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. జీతాలు పైనుంచి, పోస్టింగులు పైనుంచి, టార్గెట్లూ పైనుంచే. అలాంటి చోట పని మీద మనసు పోయిన టీమ్‌తో ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది ఇప్పటికీ తేలలేదు అన్నది వివరంగా రాస్తున్నాను. సర్కారు ఆసుపత్రిలోనో స్కూల్లోనో పంచాయతీలోనో చిన్న టీమ్‌ని నడిపేవాళ్లకు ఇందులో కొంతైనా ఉపయోగపడాలని నా కోరిక.

మా టీమ్ గురించి ముందు రెండు మాటలు. మైదాన ప్రాంతంలో లెక్క ప్రకారం 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ, 5 వేలకు ఒక సబ్‌సెంటర్, వెయ్యి మందికి ఒక ఆశా (ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్త). పీహెచ్‌సీలో డాక్టరు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, సూపర్‌వైజర్లు ఉంటారు, ఊళ్లలో ఏఎన్‌ఎంలు (సబ్‌సెంటర్‌లో పనిచేసే నర్సులు), ఆశాలు తిరుగుతుంటారు. డాక్టరుకు రోజూ ఎదురుగా ఉండేది బిల్డింగులో ఉన్నవాళ్లే. గర్భిణుల నమోదు, టీకాలు, టీబీ మందులు, బాలింతల ఇంటికి వెళ్లి చూడటం, ఇదంతా మాత్రం ఎదురుగా లేనివాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. అందుకే వాళ్లలో మనసు పోయిందన్న సంగతి ఓపీ గదిలో కూర్చుంటే తెలియదు.

నాకు తెలిసింది రిజిస్టర్లు చూస్తుంటే. నేను చేరేనాటికి పైకి అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఎవరూ డ్యూటీ ఎగ్గొట్టడం లేదు, రిపోర్టులు టైముకి వెళ్తున్నాయి, బుధవారం, శనివారం టీకాలు జరుగుతున్నాయి. కానీ ఏఎన్‌సీ రిజిస్టర్‌లో, అంటే గర్భిణుల నెలవారీ పరీక్షలు రాసే పుస్తకంలో, పేజీ తర్వాత పేజీ తిప్పితే గర్భిణులందరి బీపీ ఒకటే, 120/80 లేదా 110/70. హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 10. తర్వాతి నెలా 10, ఆ తర్వాతి నెలా 10. ఇరవై ఏళ్ల మొదటి కాన్పు అమ్మాయికీ, నాలుగో కాన్పుకి వచ్చిన ఆమెకీ ఒకే అంకె. దేశం మొత్తం మీద చేసిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి దేశంలో, సగం ఊళ్లు ఇటుక బట్టీలకూ నగరాల్లో కూలి పనికీ పోయి వచ్చే మండలంలో, తీవ్రమైన రక్తహీనత ఒక్కరికీ లేదని రిజిస్టర్ చెబుతోంది!

ఇది చూసినవాళ్లు చాలామంది దొంగ లెక్కలు అంటారు, మెమోలు ఇస్తారు. నాకు అందులో ఇంకొకటి కనిపించింది. నమ్మకం పోయిన మనిషి గొడవ పెట్టుకోడు, రాజీనామా కూడా చేయడు, అడిగిన గడిలో అడిగిన అంకె నింపి ఇంటికి పోతాడు. నెలవారీ మీటింగులో ఎవరూ ప్రశ్న అడగకపోవడం, "ఓకే మేడం" తప్ప ఇంకో మాట లేకపోవడం, వాట్సాప్ గ్రూపులో ఏ మెసేజ్ పెట్టినా క్షణంలో చేతులు జోడించిన బొమ్మలు వచ్చిపడటం, ఇవన్నీ అదే జబ్బు లక్షణాలు.

ముందు వినడం

మీటింగు పెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు. టీకాల రోజుల్లో ఒక్కో సబ్‌సెంటర్‌కి వెళ్లి, పని అయ్యాక కూర్చుని, అందరినీ ఒకటే అడిగాను: "పోయిన వారం మీరు చేసిన పనిలో ఏది వృథా అయ్యిందనిపించింది?" మీ సమస్యలేంటి అని అడిగితే ఎవరూ చెప్పరు, సమస్య చెప్పుకుంటే చేతగానివాళ్లమని అనుకుంటారేమోనన్న భయం ఉంటుంది. వృథా పని ఏదని అడిగితే మాత్రం మాటలు ఆగలేదు.

సీనియర్ ఏఎన్‌ఎం ఒకావిడ హెచ్‌బీ సంగతి తేల్చి చెప్పింది. "స్ట్రిప్పులు అయిపోతయి మేడం. ఖాళీ పెడితే తిట్లు పడతయి. పది రాస్తే ఎవ్వరూ ఏమనరు." ఇదీ అసలు విషయం. మీటర్ ఉంది, స్ట్రిప్పులు లేవు. ఒక సబ్‌సెంటర్‌లో బీపీ మిషన్ కఫ్ చిరిగిపోయి చాలా కాలమైంది. ఖాళీ గడి తప్పు, అబద్ధపు అంకె తప్పు కాదు అని మన పద్ధతే వాళ్లకు నేర్పింది.

ఒక ఆశా చెప్పింది ఇంకా లోతుగా తగిలింది. "నేను తోలిన మనిషి ఏమైందో నాకు ఎవ్వరు చెప్పరు మేడం, ఊళ్లో కిరాణా దుకాణం కాడ వింట." రాత్రిపూట 102 బండి పిలిపించి, కుటుంబాన్ని ఒప్పించి, గర్భిణిని పెద్దాసుపత్రికి ఎక్కించిన మనిషికి ఆ తల్లీబిడ్డా క్షేమమో కాదో చెప్పే ఏర్పాటే లేదు. సమాచారం పైకి వెళ్తుంది. ఒకే సమాచారం రిజిస్టర్‌లో ఒకసారి, ట్యాబ్‌లో ఒకసారి, వాట్సాప్‌లో ఫొటోగా ఒకసారి. కిందకి మాత్రం ఏదీ రాదు, వస్తే తిట్టు వస్తుంది.

మూడోది డబ్బు. ఆశాకి పని లెక్కన వచ్చే పారితోషికాలు చాలా ఉన్నాయి. జననీ సురక్ష పథకం కింద పల్లెల్లో ఆసుపత్రి కాన్పుకి 600, ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను ఇంటికి వెళ్లి ఆరుసార్లు, అంటే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూస్తే 250, ఇలా. ఎంత క్లెయిమ్ పెట్టారో వాళ్లకు తెలుసు, ఎంత పడిందో బ్యాంకు మెసేజ్ చూస్తే తెలుస్తుంది, మధ్యలో ఏది కోశారో, ఎందుకు కోశారో మాత్రం ఎవరూ చెప్పరు.

చేసినవి

మొదట, ఖాళీ గడికి అనుమతి ఇచ్చాం. "చూడలేదు, స్ట్రిప్ లేదు" అని రాయండి, దానికి జవాబు నేను చెబుతాను, కానీ చూడని అంకె మాత్రం రాయొద్దు అని చెప్పాను. స్ట్రిప్పులు, కఫ్‌లు అన్‌టైడ్ ఫండ్ (చిన్న అవసరాలకు పీహెచ్‌సీ తానే ఖర్చు పెట్టుకునే నిధి) నుంచి కొన్నాం. ఏ సబ్‌సెంటర్‌లో ఎన్ని స్ట్రిప్పులు మిగిలాయో ఫార్మసిస్టు వారంవారం అడిగి, అయిపోకముందే పంపే ఏర్పాటు చేసుకున్నాం. ఆ పని ఆయనే మీదేసుకున్నాడు.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురైంది. నిజంగా పరీక్షలు చేయడం మొదలుపెట్టగానే అంకెలు విడిపోయాయి. 11.2, 9.4, 7.8, అక్కడక్కడా 7 కన్నా తక్కువ, అంటే తీవ్రమైన రక్తహీనత. కాగితం మీద మా పీహెచ్‌సీలో రక్తహీనత ఒక్కసారిగా పెరిగింది. రివ్యూ మీటింగులో మీ దగ్గరే ఎందుకు పెరిగిందని నన్ను నిలబెట్టి అడిగారు. సర్వే అంకె చూపించి, ఇంతకుముందు కొలవలేదు, ఇప్పుడు కొలుస్తున్నాం అని చెప్పాను. వాళ్లకది నచ్చిందని అనను. కానీ ఆ ఒత్తిడిని తిరిగొచ్చి ఏఎన్‌ఎంల మీద పెట్టలేదు. "జిల్లాలో ఏమన్నరు మేడం?" అని వాళ్లు భయపడుతూ అడిగితే, అడిగినవీ నేను చెప్పిన జవాబూ ఉన్నదున్నట్టు చెప్పి, ఇలాగే కొలవండి అన్నాను. టీమ్ నన్ను నమ్మడం ఆ రోజు నుంచే మొదలైందని నా గట్టి అభిప్రాయం. నిజం చెప్పమని చెప్పి, నిజం చెప్పినందుకు పడిన దెబ్బను మళ్లీ చెప్పినవాళ్లకే తగిలిస్తే, ఆ తర్వాత ఎన్ని మంచి మాటలు చెప్పినా చెవికెక్కవు. ఈ కేసులో ఒక్కటే గుర్తుంచుకోదలచుకుంటే దీన్ని గుర్తుంచుకోండి.

వాట్సాప్ గ్రూపుకి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: పేరు పెట్టి తప్పు ఎత్తిచూపడం గ్రూపులో ఉండదు, ఉంటే ఫోన్ చేసి విడిగా మాట్లాడాలి. మెచ్చుకోవడం గ్రూపులోనే, కానీ ఏం చేసిందో చెబుతూ. "వెరీ గుడ్ అందరికీ" అన్న మెసేజ్ ఎవరికీ తగలదు. "తండాలో మొన్న ఊరెళ్లిపోబోతున్న కుటుంబాన్ని బస్టాండులో పట్టుకుని చిన్నపాప టీకా వేయించారు" అంటే అది చేసిన మనిషికీ తగులుతుంది, మిగతావాళ్లకు బస్టాండుకి కూడా వెళ్లొచ్చన్న ఆలోచనా వస్తుంది.

పారితోషికాల విషయంలో పెద్దగా ఏమీ చేయలేదు. క్లెయిమ్‌లో ఏవి పాసయ్యాయి, ఏవి కోత పడ్డాయి, ఎందుకు, అన్నది ఒక్కో ఆశాకి కాగితం మీద ఇవ్వడం మొదలుపెట్టాం. చాలా కోతలు ఫారంలో ఒక తేదీ లేకనో సంతకం లేకనో పడినవే, అవి తగ్గిపోయాయి. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో పిట్స్‌బర్గ్ వైపు ఇంజనీర్లను, అకౌంటెంట్లను మాట్లాడించి ఒక సంగతి చెప్పాడు: జీతం, నిబంధనలు, పైఅధికారి తీరు లాంటివి బాగోకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది, అవి బాగైతే అసంతృప్తి పోతుంది, అంతేగానీ హుషారు వాటివల్ల రాదు. అది సాధించానన్న తృప్తి నుంచి, పని నుంచే వస్తుంది. ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు చాలా వచ్చాయి గానీ మా దగ్గర జరిగింది మాత్రం దాదాపు అలాగే. కాగితం ఇవ్వడం మొదలయ్యాక సణుగుడు ఆగింది. కళ్లలో వెలుగు వచ్చింది తర్వాత చెప్పబోయే దానివల్ల.

"ఏమైంది?"

నెలవారీ మీటింగులో మొదటి పావుగంట టార్గెట్లు తీసేశాం. ఆ పావుగంటలో, పోయిన నెల ఎవరెవరు ఎవరెవర్ని పైఆసుపత్రికి పంపారో వాళ్లకి ఏమైందో చెప్పుకుంటాం. అది తెలుసుకునే బాధ్యత నైట్ డ్యూటీ స్టాఫ్ నర్సులు తీసుకున్నారు, ఏరియా ఆసుపత్రి లేబర్ రూముకి, అక్కడ తెలియకపోతే ఇంటివాళ్లకి ఫోన్ చేసి ఒక నోట్‌బుక్‌లో రాసిపెడతారు. ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి. మూడో కాన్పు గర్భిణి, భర్తతో కలిసి పనికోసం వేరే రాష్ట్రం వెళ్లడానికి సామాను సర్దుకుంది. ఆశా వాళ్లింటికి వేరే పనిమీద వెళ్లి, ఆమె కనురెప్ప లోపల తెల్లగా ఉండటం చూసి ఏఎన్‌ఎంకి ఫోన్ చేసింది. హెచ్‌బీ 7 కన్నా తక్కువ. అత్తగారు ఒప్పుకోలేదు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నామన్నారు. ఆ ఆశా రెండు పూటలు ఆ ఇంటి చుట్టూ తిరిగి, చివరికి ఆ మేస్త్రీతోనే మాట్లాడి, భర్త ముందు వెళ్లేలా, ఈమె ఉండిపోయేలా ఒప్పించింది. ఏరియా ఆసుపత్రిలో చేర్చుకున్నారు, రక్తం ఎక్కించారు, ఆ తర్వాత ఐరన్ సుక్రోజ్ (నరానికి ఎక్కించే ఐరన్ మందు) కూడా. కాన్పు అక్కడే అయింది. ఈ సంగతంతా మీటింగులో చదివినప్పుడు ఆ ఆశా లేచి అడిగిన మొదటి ప్రశ్న, "బిడ్డ బరువెంత మేడం?" ఆ మాట తర్వాత మీటింగు మీటింగులా లేదు, మిగతావాళ్లంతా తాము పంపినవాళ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. మేస్త్రీతో మాట్లాడొచ్చన్న సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ కొత్త. నాకూ కొత్తే.

దీనికి పరిశోధన బలం కూడా ఉంది. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక అమెరికన్ యూనివర్సిటీకి విరాళాలు అడిగే కాల్ సెంటర్ ఉద్యోగులు కొందరిని, ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. జీతం పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, తమ పని ఎవరికి చేరిందో చూపించారు, అంతే.

చెడు ఫలితాలు కూడా చెబుతాం. ఒకసారి పంపిన కేసులో బిడ్డ దక్కలేదు. దాన్ని దాచిపెట్టి మంచివే చదివితే ఆ పావుగంట పొగడ్తల కార్యక్రమం అయిపోతుంది, ఎవరూ నమ్మరు. ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో చెప్పుకున్నాం, ఎవరి తప్పు అన్న ప్రశ్న ఆ గదిలో రానివ్వలేదు, ఎక్కడ ఒక రోజు ముందు తెలిసేది అన్నదే అడిగాం. ఆ సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం చాలాసేపు ఏడ్చింది. మర్నాడు తనే బీపీ ఎక్కువున్నవాళ్ల జాబితా విడిగా రాయడం మొదలుపెట్టింది.

ఆశాలకు 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది, పది లక్షలకు పైగా ఉన్న మన ఆశాలందరికీ కలిపి. ఎంతో గర్వించాల్సిన విషయం, ఆ సంగతి మావాళ్లకి చెప్పినప్పుడల్లా సంతోషిస్తారు. కానీ మర్నాడు పొద్దున ఇంకో ఇంటి తలుపు తట్టడానికి కావాల్సిన ఓపిక ఏరియా ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక్క ఫోన్‌లోనే ఎక్కువ దొరుకుతుంది.

ఎవరి సబ్‌సెంటర్‌లో ఏం మారాలో వాళ్లే ఒకటి ఎంచుకోమన్నాం. నేను సూచించలేదు. ఒకామె ఐరన్ గోలీల సంగతి ఎంచుకుంది. ఆరు నెలలు రోజూ వేసుకోవాల్సిన గోలీలు ఇళ్లలో డబ్బాల్లో అలాగే ఎందుకు మిగులుతున్నాయో కనుక్కోవాలని ఇల్లిల్లూ తిరిగింది. బిడ్డ నల్లగా పుడుతుందని కొందరి భయం, విరేచనం నల్లగా వస్తే ఏదో అయిందని ఇంకొందరి భయం, చాలామంది టీతో పాటే వేసుకుంటున్నారు, దాంతో ఐరన్ ఒంటికి పట్టదు. ఆమె గోలీలు ఇచ్చేటప్పుడే "విరేచనం నల్లగా వస్తది, వస్తే గోలీ పనిచేస్తుందన్నట్టు, టీ తాగితే రెండు గంటలు ఆగు" అని అత్తాకోడళ్లిద్దరికీ కలిపి చెప్పడం మొదలుపెట్టింది. మిగతా సబ్‌సెంటర్లు అడిగి నేర్చుకున్నాయి. నేను సర్క్యులర్ ఇచ్చి ఉంటే ఇది ఇంకో కాగితమై ఉండేది.

సబ్‌సెంటర్ల ర్యాంకుల పట్టిక ఒకటి చాలాకాలంగా గోడ మీద ఉండేది, దాన్ని తీసేశాం. రోడ్డు పక్క ఊళ్లున్న సబ్‌సెంటర్‌కి, సగం ఏడాది తాళాలు వేసి ఉండే తండాలున్న సబ్‌సెంటర్‌కి పోటీ పెట్టి చివరి ర్యాంకు ప్రతిసారీ ఒకరికే ఇస్తుంటే ఆమె ఎందుకు ప్రయత్నించాలి?

అలసట వేరు, మనసు పోవడం వేరు

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. అలిసిపోయిన మనిషికి స్ఫూర్తి మాటలు చెబితే కోపమే వస్తుంది, సెలవు ఇస్తే కోలుకుంటుంది. మా స్టాఫ్ నర్సు ఒకామె భర్త అనారోగ్యంతో కొన్ని నెలలు నలిగిపోయింది, పనిలో చురుకు తగ్గిందని సూపర్‌వైజర్ అన్నాడు. డ్యూటీలు మార్చి రాత్రులు తీసేశాం, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే పంచుకున్నారు. ఆమెకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. సెలవు అడిగినవాళ్లని కారణం చెప్పమని గుచ్చి గుచ్చి అడగకపోవడం కూడా ఒక మర్యాద, దాని ఫలితం మీటింగు గదిలో కనిపిస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చిన్న టీమ్‌లో నాయకుడి ముఖం చూసే అందరి రోజూ మొదలవుతుంది. పీహెచ్‌సీని కుర్ర డాక్టర్లు చాలామంది పీజీ సీటు వచ్చేదాకా ఆగే చోటుగా చూస్తారు, వాళ్లని తప్పుపట్టను, చదువు టెన్షన్ అలాంటిది. నాలాంటివాళ్లకు ఇబ్బంది వేరు. ఓపీ, వీడియో కాన్ఫరెన్సు, రివ్యూ, మళ్లీ ఓపీ, ఇలా నెలలు గడిస్తే నేను డాక్టర్నా క్లర్కునా అన్న అనుమానం వస్తుంది. వారంలో ఒక ఉదయం ఫైళ్లు ముట్టుకోకుండా ఒక ఆశాతో కలిసి ఇళ్లకు వెళ్తాను. పక్క మండలాల ఇద్దరు డాక్టర్లతో వారానికోసారి ఫోన్ మాట్లాడుకుంటాం, అందులో కేసుల గురించే, బదిలీల గురించి మాట్లాడకూడదన్నది ఒప్పందం. మనసు బాగోని రోజు "ఇవాళ నేను కాస్త చిరాగ్గా ఉన్నాను, మీ మీద కాదు" అని పొద్దున్నే చెప్పేస్తాను. చెప్పకపోతే ఆ చిరాకుకి కారణం తామేనని ప్రతి ఒక్కరూ అనుకుంటారు.

తేలనివి

ఒకే పని చేసే ఇద్దరు ఏఎన్‌ఎంలలో ఒకరు రెగ్యులర్, ఒకరు కాంట్రాక్టు, జీతాల్లో ఎంతో తేడా. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. లేదని వాళ్లకి సూటిగా చెప్పాను, వాళ్ల వినతిపత్రం పైకి పంపాను, ధర్నాకి వెళ్లినవాళ్లను వేరేగా చూడలేదు. జీతం గురించి అడిగిన మనిషికి సేవ గురించి చెప్పడం అన్యాయం అని నేను నమ్ముతాను. ఒకే సమాచారాన్ని మూడు చోట్ల నింపడం కూడా తగ్గలేదు, వాట్సాప్ ఫొటోలు కొన్ని మాత్రం మా స్థాయిలో మానేయగలిగాం.

పావుగంట కార్యక్రమాన్ని ఇప్పుడు సీనియర్ ఏఎన్‌ఎం నడుపుతోంది, నేను లేని నెలల్లో కూడా జరిగింది. కావాలనే ఆమెకి అప్పగించాం, రేపు నాకు బదిలీ అయినా ఆగకూడదని. నోట్‌బుక్‌లో ఇంకా ఖాళీలు మిగులుతున్నది వలస వెళ్లిన గర్భిణుల దగ్గరే. వెళ్లేముందు ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) ఫొటో తీసుకోవడం, భర్తదీ మేస్త్రీదీ ఫోన్ నంబర్లు రాసుకోవడం, అక్కడి దగ్గరి సర్కారు దవాఖాన ఏదో ముందే కనుక్కుని చెప్పడం మొదలుపెట్టారు. ఈ ఆలోచన ఆశాలదే. పంటలైపోయి వలసలు మొదలయ్యే ఈ సీజన్‌లో ఎంతమంది సమాచారం తిరిగొస్తుందో చూడాలి. ఇలాంటి మండలాల్లో పనిచేసేవాళ్లు దీనికి ఇంకేదైనా దారి కనిపెట్టి ఉంటే చెప్పండి, వచ్చే మీటింగులో పెడతాం.